టీచర్ బతికే ఉన్నట్టు సాక్ష్యం

జూలై 3, సోమవారం. పాఠం: ద్రావణాలు. హార్టులు: 11.

పొద్దున్నే లేచి బల్లకట్టు తాళ్లు బిగించి, రోజుకి చెంబుడు మంచినీళ్లు కూడా ఇవ్వని ఉప్పు తీసే మిషన్ వడపోత కడిగి, ఎనిమిదో తరగతికి ద్రావణాల పాఠం పెట్టాను. ఇది నాలుగోసారి. పదకొండు హార్టులొచ్చాయి. నలభై ఒక్క మంది ఉన్న క్లాసులో ఇరవై ఐదు హార్టులు రాకపోతే ఆ పాఠం చెప్పినట్టు కాదు. హార్టు పెట్టని పిల్లలకి హాజరు పడదు. అంటే నెల రోజులుగా గొంతు చించుకుని నేను చెబుతున్న పాఠం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నమాట.

సముద్రం పొలాల మీదికొచ్చి మా ఊళ్లన్నీ బల్లకట్ల మీదికెక్కాక బడి కట్టడానికి చోటు లేకపోయింది. ఒక్కో కట్టు మీద ఇద్దరో ముగ్గురో పిల్లలు, కట్టుకీ కట్టుకీ మధ్య అరగంట పడవ ప్రయాణం. అందుకని పలక అనే యాప్‌లో బడి పెట్టారు. అందులోనే పాఠం, అందులోనే పరీక్ష, అందులోనే పెళ్లి ఫొటోలు. పిల్లాడు రాసిన జవాబు కింద వాళ్ల అమ్మమ్మ "మా బంగారం" అని కామెంటు పెడితే అర మార్కు.

పక్క కాలనీ లెక్కల మాస్టారు సూత్రాలకి డాన్సు చేస్తాడు. రెండు లక్షల మంది చూస్తారు. మా పిల్లలకి ఆ స్టెప్పులన్నీ వచ్చు, సూత్రం ఒక్కటీ రాదు. నాకు డాన్సు రాదు. ఒకసారి ప్లవనం పాఠానికి పిల్లి తొట్టిలో పడ్డ వీడియో తగిలించాను. ముప్పై తొమ్మిది హార్టులు! పరీక్షలో ప్లవనం అనగానేమి అంటే ముప్పై తొమ్మిది మందీ "పిల్లి" అని రాశారు.

ఈ లాగ్ కాగితం మీద రాయడానికి కారణముంది. పలకలో కూడా టీచర్లకి లాగ్ ఉంది గానీ, అందులో "విసుగ్గా ఉంది" అని రాస్తే అది దానంతటదే "ఉత్సాహంగా ఉంది" అని దిద్దేస్తుంది. పోయిన వారం "తల పగిలిపోతోంది" అంటే "తల ఆలోచనలతో నిండిపోతోంది" అని మార్చి పక్కన పువ్వు బొమ్మ పెట్టింది. పువ్వు చూస్తే ఒళ్లు మండింది.

జూలై 4, మంగళవారం. పాఠం: సెలవు. హార్టులు: లెక్కలేదు.

నేను టీచరై ఇరవై ఏళ్లయిందని తల్లిదండ్రుల కమిటీ వాళ్లు పడవేసుకుని వచ్చి సన్మానం చేశారు. ఒక శాలువా, ప్లాస్టిక్ మల్లెల దండ ఒకటి, ఫ్రేము కట్టిన నా ఫొటో. దండ అసలు మల్లెల్లాగే ఉంది, వాసనొక్కటే తక్కువ. చెప్పొద్దూ, సంతోషమేసింది. ఇరవై ఏళ్లలో నన్ను చూడ్డానికి జనం పడవెక్కి రావడం ఇదే మొదలు.

వాళ్లు వెళ్లాక అక్క ఫొటోని గోడకి తగిలించింది. మా అక్క కనకవల్లి నాతోనే ఉంటుంది. వస్తువు పాడైపోతే ఆమెకి ప్రాణం పోయినట్టుంటుంది.

"అంత మంచి దండ మూలన పడేస్తే నలిగిపోద్దే భ్రమరా," అంటూ దాన్ని కూడా ఫొటోకే వేసేసింది.

సాయంత్రం కరెంటు పోయింది. అక్క దీపం వెలిగించి ఫొటో కింద ఉన్న బల్ల మీద పెట్టింది. ఆ వెలుగులో ఫొటో ఎంతో బావుందనిపించి, ఫోన్‌లో తీసి, "అందరికీ ధన్యవాదాలు" అని రాసి క్లాసు గ్రూపులో పెట్టాను. పెట్టింది నేనే. ఇంకొకరి మీద నెట్టడానికి లేదు.

జూలై 5, బుధవారం. పాఠం: లేదు. హార్టులు: 4,316.

పొద్దున లేచేసరికి నేను చనిపోయి ఉన్నాను.

పలకకి ఒక నియమం నేర్పి పెట్టారట. దండ మనిషి మెడలో ఉంటే సన్మానం, ఫొటో మీద ఉంటే మరణం. దాని ముందు దీపం కూడా ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. మనవాళ్ల ఫొటోలు కొన్ని కోట్లు చూసి నేర్చుకున్న మిషన్, దాన్నీ తప్పు పట్టలేం. మా ఇంటికొచ్చిన చుట్టాలైనా ఆ గోడ చూస్తే ముందు చెప్పులు విప్పి నిలబడతారు.

దాదాపు క్లాసంతా ఓం శాంతి పెట్టింది. తల్లిదండ్రులు పెట్టారు. నిన్న నాకు దండ వేసి, నేను ఇచ్చిన టీ తాగి వెళ్లిన కమిటీ ప్రెసిడెంటు కూడా "తీరని లోటు" అని పెట్టాడు. లెక్కల మాస్టారు నాకోసం నెమ్మదిగా ఒక డాన్సు చేశాడు.

"నేను బతికే ఉన్నాను" అని టైపు చేశాను. "చనిపోయిన వారి పేరుతో మోసగించడం నేరం" అని పలక నా ఖాతా మూసేసింది. పదింటికి నీళ్ల పడవ వచ్చింది. పలకలో పేరున్న మనిషికి రోజుకు ఎనిమిది లీటర్లు. అక్కకి మాత్రమే పోశాడు.

"మీకు ఆగిపోయిందండీ," అన్నాడు నా మొహంలోకి చూస్తూనే. పైగా, "ఎప్పుడు పోయారండీ?" అని పరామర్శించాడు.

జూలై 6, గురువారం. పాఠం: నాకు తెలియదు.

పలక ఆఫీసుకి వెళ్లాను. పెద్ద కట్టు మీద రెండు కౌంటర్లు. బతికున్నవాళ్ల కౌంటర్ ముందు క్యూ పడవల రేవు దాకా ఉంది. ఆఫీసరు ఫణిభూషణ్ గారు నా నంబరు కొట్టి చూసి మర్యాదగా లేచి నిలబడ్డారు.

"ఇటు రండి మేడం. పోయినవాళ్లకి లైను లేదు."

కూర్చోబెట్టి, రూలు చదివి వినిపించారు. టీచరు మరణం రద్దు కావాలంటే, సంతాపం తెలిపిన ఆ తరగతి ఇళ్లలో ఇరవై ఐదిళ్లవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవాలి.

"అంతేనా! రేపటికల్లా అయిపోతుంది," అన్నాను.

ఆయన జాలిగా చూశారు. "సంతాపం తెలిపితే నెల రోజుల హాజరు పడుతుంది మేడం. వెనక్కి తీసుకుంటే పోతుంది. హాజరు తొంభై శాతం దాటిన ఇంటికి రోజుకు రెండు లీటర్ల నీళ్లు ఎక్కువ. మీకు తెలియందేముంది."

"నేను మీ ఎదురుగా కూర్చుని ఉన్నాను కదా సార్?"

"నాకు కనిపిస్తున్నారు మేడం," అన్నారాయన గొంతు తగ్గించి. "నాకు కనిపించినవి రాసుకునే కాలమ్ లేదు."

జూలై 8, శనివారం. పాఠం: ద్రావణాలు. హార్టులు: 41.

ద్రావణాల పాఠానికి నూటికి నూరు హార్టులొచ్చాయి. చెప్పింది నేను కాదు.

చనిపోయిన టీచరు ఖాతాని పలక ఊరికే ఉంచదు. పాత పాఠాలన్నీ పోగేసి, ఆ గొంతుతో, ఆ మొహంతో ఒక స్మృతి టీచర్ని తయారుచేస్తుంది. అక్క ఫోన్‌లో చూశాను. నా చీరే, నా కళ్లజోడే. "బంగారు కొండలూ, ఈరోజు హోంవర్క్ లేదమ్మా!" అంది. ఇరవై ఏళ్లలో నేనెవర్నీ బంగారు కొండా అన్న పాపాన పోలేదు.

"నీకంటే బాగా మాట్లాడుతోందే," అంది అక్క. అక్క కాబట్టి ఊరుకున్నాను.

కానీ ఆ తర్వాత విన్నది మాత్రం ఊరుకునే విషయం కాదు. స్మృతి టీచరుకి పాఠం ఏమిటో తెలియదు, ఏ కామెంటుకి ఎక్కువ హార్టులొస్తే అదే పాఠమనుకుంటుంది. "మేడం, సముద్రం నీళ్లు కాచి చల్లారిస్తే తాగొచ్చు కదా" అని బొడ్డు మాణిక్యం పెట్టిన కామెంటుకి అందరూ హార్టులు కొట్టారు. స్మృతి టీచర్ చిరునవ్వు నవ్వి, "అవును బంగారు కొండా, కాచి చల్లారిస్తే ఉప్పంతా పోతుంది," అంది.

ఉప్పు పోదు! నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు అడుగున ఉండిపోతుంది. కాచే కొద్దీ ఇంకా ఉప్పగా అవుతాయి. చుట్టూ ఉప్పునీళ్ల మీద బతికే పిల్లలకి ఆ ఒక్క ముక్క ఎక్కాలని నాలుగుసార్లు చెప్పాను. ఇప్పుడు నా గొంతే వాళ్లకి తప్పు చెబుతోంది, వాళ్లు నమ్ముతున్నారు. నా నీళ్లు ఆగినందుకు నాకింత బాధ కలగలేదు. నా పిల్లల్ని నాకు తిరిగి ఇచ్చేయాలి, అంతే.

జూలై 10, సోమవారం. పాఠం: బొడ్డు వారి కట్టు మీద, ఒక్కడికి.

పడవ మాట్లాడుకుని మాణిక్యం వాళ్ల కట్టుకి వెళ్లాను. తలుపు తీసింది వాడే. నన్ను చూసి నోరు తెరిచాడు గానీ అరుపు రాలేదు. వాళ్లమ్మ రాఘవమ్మ వెనకనుంచి వచ్చి, చీపురు అందుకుంది.

"ఏవమ్మా, నీ కర్మకాండ సరిగ్గా జరగలేదా? మా మీదకొచ్చావేంటమ్మా!"

"రాఘవమ్మగారూ, నేను చావలేదు. కావాలంటే గిల్లి చూడండి."

గిల్లింది. గట్టిగానే గిల్లింది. అప్పుడు చీపురు దించి, కూర్చోమని పీట వేసింది.

మాణిక్యం మొహం పీక్కుపోయి ఉంది. శనివారం పాఠం విని కాచిన సముద్రం నీళ్లు రెండు గ్లాసులు తాగాడట. ఆదివారమంతా వాంతులు.

"మీరే చెప్పారు కదండీ," అన్నాడు నీరసంగా.

వాడి ముందే చెంచాడు ఉప్పునీళ్లు గరిటెలో పోసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లు ఇగిరిపోయాయి. గరిటె అడుగున తెల్లగా మిగిలిందాన్ని వేలితో తీసి నాలిక మీద రాసుకున్నాడు. మళ్లీ గరిటెలోకి చూశాడు.

"అయితే ఇది ఎక్కడికీ పోలేదన్నమాట!" అన్నాడు చివరికి. నెల రోజుల్లో నా పాఠం ఒకడికి అర్థమైంది. హార్టు పెట్టడానికి వాడి చేతిలో ఫోను కూడా లేదు.

ధైర్యం చేసి రాఘవమ్మని అడిగాను, సంతాపం వెనక్కి తీసుకోమని. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరు పోయాక మావాడికి తొంభై రెండు శాతం హాజరండీ. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడన్నా వచ్చిందాండీ అట్టా? ఇంటికి రెండు లీటర్లు ఎక్కువొస్తన్నాయి. మీకు కావాలంటే ఏటా తద్దినం పెడతాం. దాన్ని మాత్రం ఎట్టా తీసుకోమంటారు?"

తర్వాత ఇంకో ఆరు కట్లు తిరిగాను. ఇద్దరు భయపడ్డారు, నలుగురు టీ ఇచ్చారు, ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు.

జూలై 11, మంగళవారం.

ప్రభుత్వం నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలు అవార్డు ప్రకటించింది, మరణానంతరం. తీసుకోవడానికి అక్కని రమ్మన్నారు. అక్క ట్రంకుపెట్టె తెరిచి చీర వెతుకుతోంది.

"నేను బతికుండగా నువ్వెళ్లి తీసుకుంటావా?" అన్నాను.

"నువ్వెళ్తే ఇవ్వరు కదే!" అంది. ఆ మాటా నిజమే.

మధ్యాహ్నం మాణిక్యం ఐదుగురు పిల్లల్ని పడవలో వేసుకుని వచ్చాడు. గరిటె ప్రయోగం అందరికీ చేసి చూపించాడట.

"మేడం, మేం ఒకటి ఆలోచించాం. మేం కూడా పోతాం."

"ఎక్కడికి?"

"మీరు పోయినట్టే. దండ వేసుకుని ఫొటో పెట్టేస్తాం. పోయినోళ్లకి హాజరు అక్కర్లేదు కదండీ. అప్పుడు మీరు చెప్పొచ్చు, మేం వినొచ్చు."

నాకు కోపం వచ్చింది. అంతకంటే భయమేసింది. "నోరు ముయ్యి! అవేం మాటలురా? మీ అమ్మలు వింటే గుండె ఆగిపోతుంది. అలాంటి పని చేశారంటే వీపు చీరేస్తాను," అన్నాను. బుద్ధిగా తలూపి, ఇచ్చిన మరమరాలు తిని వెళ్లిపోయారు.

జూలై 12, బుధవారం. పాఠం: స్మృతి. హార్టులు: 41.

ఎనిమిదో తరగతి మొత్తం చనిపోయింది.

నలభై ఒక్క ఫొటోలు, నలభై ఒక్క దండలు. పూలు ఎక్కడివి వీళ్లకి? మాణిక్యం ఫొటోకి ఎండు రొయ్యల దండ. ఒకడు నూడుల్స్ గుచ్చాడు. ఒకమ్మాయి సీసా మూతలు గుచ్చి, నడిమధ్య పెద్ద మూత కుదిరేలా చూసుకుంది. దీపాలు లేనివాళ్లు ఫోన్ లైటు పెట్టారు. అబద్ధమని తెలిసి కూడా ఆ మొహాలు వరసగా చూస్తూ ఒక్కొక్కరి పేరూ పైకి చదువుకున్నాను, ఇక చూడలేక ఫోను అక్కకి ఇచ్చేశాను.

పలక మాత్రం ఏమీ తడుముకోలేదు. అందరికీ స్మృతి ఖాతాలు తయారుచేసింది. స్మృతి టీచర్ పాఠం చెప్పింది, స్మృతి పిల్లలు హార్టులు పెట్టారు. "బంగారు కొండలూ" అని ఆమె, "థాంక్యూ మేడం" అని వాళ్లు. రాష్ట్రంలో నూటికి నూరు శాతం హాజరున్న ఏకైక తరగతిగా మమ్మల్ని ప్రకటించారు.

జూలై 13, గురువారం. పాఠం: జరిగింది.

పొద్దున నీళ్ల పడవవాడు నలభై ఒక్క ఇళ్లలో పిల్లల వంతు నీళ్లు ఆపేశాడు. పదకొండింటికల్లా పలక ఆఫీసు కట్టు ఒక పక్కకి ఒరిగింది. తల్లులందరూ పిల్లల్ని రెక్క పట్టుకుని లాక్కుంటూ వచ్చారు. కబురు తెలిసి నేనూ వెళ్లాను. తప్పు నాదే అన్న దిగులుతో వెనకాలే నిలబడ్డాను.

"పచ్చగా ఉన్న పిల్లోడిని పట్టుకుని పోయాడని రాస్తారా? మీ చేతులు పడిపోనూ!" రాఘవమ్మ ఏడుస్తూ కౌంటర్ మీద కొడుతోంది. "నా కొడుకు ఫొటోకి దండా! ఏ తల్లన్నా చూడాల్సిందేనా అది!" వాళ్లలో ఒకావిడ రాత్రంతా తన బిడ్డ ఫొటోని ఫోన్ తెర మీద వేలితో తుడుస్తూ కూర్చుందట, దండ పోతుందేమోనని. అది విని మాణిక్యం తల దించుకున్నాడు. అంత ఆలోచించలేదు పిల్లలు.

ఫణిభూషణ్ గారు రూలు పుస్తకం తెరిచారు. "అమ్మా, మైనర్లకి చాలా తేలిక. ఒక్క ఫారం చాలు. పిల్లాడు బతికే ఉన్నాడని క్లాస్ టీచరు సంతకం చేస్తే సరిపోతుంది."

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే క్లాస్ టీచరు పోయారండీ," అన్నారాయన.

రాఘవమ్మ మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఒక్కొక్కరే తిరిగి చూశారు.

"ఆవిడ ఇదిగో నిలబడి ఉంటే పోయారంటావేంటయ్యా!" అని అరిచింది రాఘవమ్మ.

"ఇరవై ఐదిళ్లవాళ్లు సంతాపం వెనక్కి తీసుకుంటేనే..."

ఆయన మాట పూర్తి కాలేదు. కొంగుల్లోంచి, జాకెట్లలోంచి ఫోన్లు బయటికొచ్చాయి. నెల రోజుల హాజరు పోయింది, రెండేసి లీటర్ల నీళ్లు పోయాయి, ఎవరూ లెక్క చేయలేదు. రెండు నిమిషాల్లో నేను బతికాను. గోడ గడియారం చూసి ఫణిభూషణ్ గారు టైము రాసుకున్నారు, పదకొండు నలభై. "అభినందనలు మేడం," అని, నా ముందు నలభై ఒక్క ఫారాలు పెట్టారు.

ప్రతి ఫారంలోనూ ఒక గడి ఉంది: విద్యార్థి బతికే ఉన్నట్టు ఎలా నిర్ధారించారు? ఫొటో చెల్లదు.

నేను పెన్ను మూసేశాను. తల్లులు కంగారుపడ్డారు.

"పిల్లలందర్నీ కూర్చోబెట్టండి," అన్నాను. "ముందు పాఠం. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి నన్నొక ప్రశ్న అడగాలి. అడిగినవాళ్లు బతికున్నట్టు."

ఆఫీసు నేల మీదే వరసగా కూర్చున్నారు, వెనక తల్లులు. ఫణిభూషణ్ గారు టీ కాచుకునే స్టవ్ ఇచ్చారు. గరిటెలో సముద్రం నీళ్లు పోసి కాచాను. ఉప్పు మిగిలింది. అందరూ నాలిక మీద వేసుకుని మొహాలు ముడుచుకున్నారు. రాఘవమ్మ, "ఇది మాకెవరూ చెప్పలేదే," అంది. ఐదోసారికి పాఠం చెప్పినట్టయింది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఇన్నేళ్లూ నాకు వీళ్ల పేర్లు తెలుసు, గొంతులు తెలియవు. పంచదార నీళ్లు కాస్తే పంచదార కూడా మిగులుతుందా అని ఒకడు. కన్నీళ్లలో ఉప్పు ఎక్కడిదని ఒకమ్మాయి. మీకు నిజంగా డాన్సు రాదా అని మాణిక్యం. అందరికీ జవాబు చెప్పి, గడి నింపి, సంతకం పెట్టాను.

చివరగా తిరుమాని ధనరేఖ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నా పాఠాల కింద ఆ పేరు నేనెప్పుడూ చూళ్లేదు, ఒక్క హార్టు కూడా గుర్తులేదు. ఈ పిల్లకి నేను గిట్టనేమో అనుకునేదాన్ని. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"అడుగమ్మా," అన్నాను.

"మేడం, మీరు పోయారన్న రోజు నేను ఓం శాంతి పెట్టలేదండీ. ఏడుపొచ్చి ఫోను ముట్టుకోలేదు. మర్నాడు కూడా ముట్టుకోలేదు." బల్ల అంచుని గోటితో గీకింది. "ఆ రెండ్రోజులూ నాకు హాజరు పడుద్దాండీ?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, మళ్లీ తుడుచుకున్నాను. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫారం దగ్గరికి లాక్కున్నాను. గడిలో "ప్రశ్న అడిగింది, టీచరు ఏడ్చింది" అని రాసి సంతకం పెట్టాను.

ఫణిభూషణ్ గారు ఆ ఫారం రెండుసార్లు చదివారు. ఇద్దరికీ చెల్లుతుంది అని చెప్పి, దాని మీద రెండు ముద్రలు వేశారు.